కుడిచేతికి పిండికట్టు, ఎడమచేతికి సూదులు

డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు రెండు చేతులూ ఒకటి కాదు. నా ఎడమ మణికట్టు పైన ధమనినీ సిరనూ కలిపి కుట్టిన ఫిస్టులా ఉంది. వారానికి మూడుసార్లు రెండు లావుపాటి సూదులు అందులోకే దిగుతాయి. అందుకని ఆ చేతికి మా ఇంట్లో కొత్త అల్లుడి మర్యాదలు. గాజులు వేయకూడదు, వాచీ పెట్టకూడదు, బీపీ పట్టా చుట్టకూడదు, రక్తపరీక్షకని గుచ్చకూడదు, నీళ్ల బిందె ఎత్తకూడదు, నిద్రలో దాని మీద ఒరగకూడదు. ఆ అల్లుడికి కావలసినవన్నీ చూసుకునేది కుడిచెయ్యి. పొద్దున లేవగానే ఎడమ మణికట్టు మీద వేళ్లు ఆనించి లోపల రక్తం జుయ్యిమని పారుతోందా లేదా అని చూసేది అదే. సూదులు తీశాక గాజుగుడ్డ పెట్టి పది నిమిషాలు నొక్కి పట్టుకునేది అదే. బస్సులో రాడ్ పట్టుకోవడం, సంచి మోయడం, ఇంటికొచ్చి కత్తెర పట్టడం, అన్నం కలుపుకోవడం, అన్నీ దాని పనులే.

పోయిన ఏడాది విరిగింది ఆ చెయ్యి.

మేముండేది చెన్నైలో పెరంబూరు. మా మామగారు నెల్లూరు జిల్లా నుంచి రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను నాయుడుపేట నుంచి కోడలిగా వచ్చాను. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. మా ఆయన ప్రింటింగ్ ప్రెస్‌లో పనిచేస్తారు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. బీపీ ఎప్పటి నుంచి ఉందో ఎవరికీ తెలియదు గానీ, బయటపడేసరికి కిడ్నీలు రెండూ చెడిపోయి ఉన్నాయి. మంగళ, గురు, శనివారాలు పురసవాక్కంలో డయాలసిస్, పూటకు నాలుగు గంటలు. ముఖ్యమంత్రి బీమా పథకం కార్డు ఉండబట్టి మిషన్ ఖర్చు మా మీద పడదు. మిగతా మందులు, రాకపోకలు మావే. 2021 నుంచి ఇక్కడ మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి నేను బస్సులోనే వచ్చేదాన్ని.

ఎండాకాలం, శనివారం. ఆ రోజు మిషన్ మీద ఒంట్లో నీళ్లు కాస్త ఎక్కువే తీశారు. యూనిట్‌లో లేచి నిలబడినప్పుడు బాగానే ఉంది. జమాలియా స్టాపులో బస్సు మెట్టు దిగుతుంటే కళ్లు బైర్లు కమ్మాయి. పడే మనిషి రెండు చేతులూ ముందుకు చాపుతాడు. నేను ఎడమచేతిని రొమ్ముకు అదుముకుని కుడిచెయ్యి ఒక్కటే నేలకు ఆనించాను. ఆలోచించి చేసింది కాదు, ఫిస్టులా పెట్టిన నాటి నుంచి ఒంటికి పట్టిన అలవాటు. మనిషి బరువంతా ఆ ఒక్క మణికట్టు మీద పడింది. పూలమ్మే ఆమె ఒకరు, కండక్టరు కలిసి లేపి కూర్చోబెట్టారు. చూస్తుండగానే చెయ్యి ఉబ్బిపోయింది. డయాలసిస్‌లో రక్తం గొట్టాల్లో గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు, దాని ప్రభావం ఇంకా ఒంట్లో ఉండగానే పడ్డాను. పైగా కిడ్నీ జబ్బులో రక్తం గడ్డకట్టే గుణం మామూలుగానే తక్కువ. లోపల కారిన రక్తం మోచేతి దాకా నల్లగా కమ్మింది. ఆ నలుపు చూసినవాళ్లందరూ విరిగిన ఎముకను మర్చిపోయి దాని గురించే అడిగేవారు.

దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు ఆస్పత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. పేరు ఎందుకులెండి. అక్కడి సిస్టర్ చిన్నపిల్ల, కంగారు పిల్ల. కుడిచెయ్యి విరిగింది కాబట్టి ఎడమచేతికి బీపీ పట్టా చుట్టబోయింది. "డయాలసిస్ చెయ్యమ్మా అది, ముట్టుకోకు" అని అరిచాను. సరేనని పట్టా పక్కన పెట్టి, సెలైన్ సూది తెచ్చి అదే చేతిని చూస్తోంది. ఎంత రక్తం పారుతుందో, ఎంత లావు నరమో కదా, గుచ్చడానికి సులువుగా ఉంటుందని దాని ఆశ. మా ఆయన వచ్చి అడ్డంగా నిలబడ్డారు. ఆ తర్వాత డ్యూటీ డాక్టరు నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ రాశాడు. మాకు కిడ్నీ డాక్టరు మొదటి రోజే చెప్పిన మాట అది: ఆ జాతి నొప్పి మందులు వద్దు, కడుపులో రక్తం కారవచ్చు, బీపీ పెరగవచ్చు, మిగిలిన కాస్త మూత్రం కూడా ఆగిపోవచ్చు. నాకింకా రోజుకు గ్లాసుడు మూత్రం వస్తుంది. బయటివాళ్లకు అది లెక్కలోకి రాదు. నాకు మాత్రం ఆ గ్లాసు ఉంటేనే ఇంకో గ్లాసు నీళ్లు తాగే హక్కు. మా ఆయన కిడ్నీ డాక్టరుకు ఫోన్ కలిపి డ్యూటీ డాక్టరు చేతికిచ్చారు. పారాసిటమాల్ చాలు, తప్పదనుకుంటే ట్రామడాల్ తగ్గించిన మోతాదులో, సెలైన్ అవసరం లేదు అని ఆయన చెప్పాక గానీ వాళ్లు వదల్లేదు.

ఎక్స్‌రేలో మణికట్టు దగ్గర పెద్ద ఎముక విరిగినట్టు తేలింది. ఎముకల డాక్టరు పెద్దాయన, తొందర లేని మనిషి. విరిగిన చోటే మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, లాగి, ఎముకను సరిగ్గా కూర్చోబెట్టారు. వాపు ఎక్కువగా ఉంది కాబట్టి చుట్టూ కట్టకుండా ఒక పక్కన మాత్రమే పిండి పట్టీ, స్లాబ్ అంటారు, వేసి బ్యాండేజీ చుట్టారు. మోచేయి పైదాకా వచ్చింది. వాపు తీశాక పూర్తి పిండికట్టు, మొత్తం మీద ఆరు వారాలు అన్నారు. తర్వాత నా ఎడమచెయ్యి వంక చూసి, "ఇన్నాళ్లూ ఎముకల గురించి ఎవరైనా అడిగారా?" అన్నారు. ఆ మాట మీదకు మళ్లీ వస్తాను.

ఇంటికొచ్చేసరికి చుట్టాల ఫోన్లు. మా వైపు వాళ్లకు ఎముక విరగడమంటే పుత్తూరే. తిరుపతి దారిలో ఉన్న ఆ ఊరి కట్టు పేరు చెన్నైలో కూడా బోర్డుల మీద కనిపిస్తుంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు పెట్టి బిగించి కడతారు. మా నాన్న కాలు అక్కడే అతికింది, తర్వాత ఆయన ఇరవై ఏళ్లు పొలం దున్నారు. కాబట్టి నేను ఎగతాళి చెయ్యను. మా వదిన అయితే కారు మాట్లాడుకుని మరీ ఫోన్ చేసింది. "పెద్ద డాక్టర్లే వాళ్ల పిల్లల్ని తీసుకొస్తారంట, నీకేమైంది?" అంది. కిడ్నీ డాక్టరును అడిగితే తిట్టలేదు. "మీ ఒంట్లో నీళ్లు రోజుకో రకంగా ఉంటాయమ్మా. కట్టు కట్టిన రోజు వదులుగా ఉన్నది రెండో రోజుకు బిగుసుకుపోతుంది. చర్మం పుండు పడితే ఇన్ఫెక్షన్. అది రక్తంలోకి చేరితే నేరుగా ఫిస్టులా మీద దెబ్బ" అన్నారు. వదినకు అదే చెప్పాను. ఆవిడ కారు వద్దనుకుంది గానీ, దాని బదులు ఒక టిఫిన్ క్యారియర్ నిండా మేకకాళ్ల సూప్ పంపించింది. ఎముకకు ఎముక బలం అని మన నమ్మకం. నాకు మాత్రం ఉప్పు, నీళ్లు, ఫాస్ఫరస్, మూడూ కట్టడే. మా అబ్బాయి తాగి బాగుందన్నాడు.

మంగళవారం అసలు సంగతి మొదలైంది.

డయాలసిస్ మంచం మీద ఎడమచెయ్యి సూదులతో కదలకుండా ఉంటుంది. అది అలవాటే. ఇన్నాళ్లూ ఆ నాలుగు గంటలూ గడిపింది కుడిచేత్తోనని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు అది దిండు మీద, మోచేయి వంగిన భంగిమలో బిగిసి ఉంది. ముక్కు దురద పుడితే గోక్కోలేను. దుప్పటి జారితే లాక్కోలేను. కళ్లజోడు జారితే అంతే. డయాలసిస్ వాళ్లకు దురద మామూలు బాధ కాదు, ఫాస్ఫరస్ ఎక్కువైతే ఒళ్లంతా పాకుతుంది. కాలు నరం పట్టేసినప్పుడు చేత్తో అదుముకునే వీలు కూడా లేదు. మా టెక్నీషియన్ కుర్రాడు దగ్గరికొచ్చి, "ఎన్నక్కా, రెండు కైయుం పోచ్చా?" అని, అంటే రెండు చేతులూ పోయాయా అని, నవ్వాడు. నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా ఆయాను పిలవాలి. ఆయాను పిలవడానికి బెల్లు నొక్కాలి. బెల్లు చేతి దగ్గర ఉంటుంది.

దానికి ఉపాయం ఆ ఆయానే కనిపెట్టింది. ఖాళీ సెలైన్ బాటిల్ ఒకటి తెచ్చి నా కుడిపాదం కింద పెట్టింది. తొక్కితే కరకరమని చప్పుడు. హాలంతా వినపడుతుంది. పక్క మంచం మీది గుమ్మిడిపూండి పెద్దాయన, ఆయన కూడా తెలుగువారే, నా బాటిల్ చప్పుడుకు నిద్ర లేచి "అమ్మాయీ, మళ్లీ ముక్కేనా?" అనేవారు. ముక్కే.

బీపీ కాలికి చూడటం మొదలుపెట్టారు. కాలి దగ్గర అంకె చేతి కన్నా ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి పాత కాగితాలతో పోల్చి కంగారు పడకూడదు. ఒకరిద్దరు సిస్టర్లు కంగారు పడ్డారు కూడా. అందుకని మొదటి రోజు కాలికి చూసిన అంకెనే ఆధారంగా పెట్టుకుని, అక్కడి నుంచి ఎంత పడుతోందో చూడమన్నారు డాక్టరు. రక్తపరీక్షలన్నీ మిషన్ గొట్టంలోంచే తీశారు. హిమోగ్లోబిన్ ఇంజెక్షన్ కూడా గొట్టంలోంచే ఎక్కించారు. ఒక్క సూది కూడా కొత్తగా గుచ్చలేదు. ఇది ముందే అడిగి చేయించుకోవచ్చని ఎవరికైనా చెప్పదగ్గ సంగతి.

చేతిలో రక్తం ఇంకా గూడుకట్టి ఉంది కాబట్టి మొదట్లో హెపారిన్ లేకుండా డయాలసిస్ చేశారు. అప్పుడు గొట్టాల్లో గడ్డకట్టకుండా అరగంటకోసారి సెలైన్ వదిలి కడుగుతుంటారు. ఆ సెలైన్ కూడా నా ఒంట్లోకే వస్తుంది, మళ్లీ దాన్ని కూడా లెక్కలో వేసి తీయాలి. ఒకసారి ఎంత కడిగినా రక్తాన్ని వడకట్టే డయలైజర్ నల్లబడి మూసుకుపోయింది. అందులో ఉన్న నా రక్తం అంతా పోయినట్టే. అసలే రక్తం తక్కువ. ఆ వారమంతా మెట్లెక్కితే ఆయాసం.

అన్నిటికన్నా ఇబ్బంది సూదులు తీసే సమయం. రెండు రంధ్రాలు, ఒక్కోదాన్నీ పది నిమిషాలు నొక్కాలి. గట్టిగా నొక్కితే ఫిస్టులాలో పారకం ఆగిపోతుంది, వదులుగా నొక్కితే రక్తం చిమ్ముతుంది. ఎంత నొక్కాలో నా వేళ్లకు తెలుసు. మాటల్లో చెప్పమంటే చెప్పలేను. షిఫ్ట్ మారే వేళ సిస్టర్లకు తీరిక ఉండదు. నొక్కి పట్టే క్లిప్పు, క్లాంప్ పెడదామన్నారు, నేను ఒప్పుకోలేదు. చివరికి మా ఆయన్ను లోపలికి రానిచ్చి, చేతులు కడిగించి, గ్లౌజులు వేయించి నేర్పించారు. రెండు వేళ్లతో, గుడ్డ మీద, కింద జుయ్యిమనడం వేళ్లకు తెలుస్తూ ఉండాలి. ప్రెస్‌లో కాగితం దళసరి వేలితో తాకి చెప్పే మనిషి కదా, తొందరగానే పట్టుబడింది. మొదటి రోజు మాత్రం నా ముఖం వంక చూడకుండా గడియారం వంకే చూస్తూ నొక్కారు.

రాత్రుళ్లు టెన్షన్ అంతా ఒకటే. నిద్రలో ఫిస్టులా నుంచి రక్తం కారితే? మామూలుగా అయితే రెండో చేత్తో అదిమి పట్టుకుని పిలవాలి. ఆ రెండో చెయ్యే లేదు. అలా ఇంట్లోనే ప్రాణం పోయినవాళ్ల గురించి యూనిట్‌లో మాట్లాడుకోవడం విన్నాను. విన్నాక నిద్ర పట్టదు. సిస్టర్ ఒకావిడను అడిగితే, "కట్టు బయటికి వేళ్లు ఉన్నాయి కదమ్మా. బలం లేకపోయినా వేళ్లు ఆనించి నొక్కండి, చెయ్యి పైకెత్తండి, గట్టిగా అరవండి" అని చేసి చూపించింది. స్లాబ్ ఉన్నన్నాళ్లూ కుడిచెయ్యి అంత దూరం రాదు. కాబట్టి అప్పటిదాకా అత్తయ్య నా పక్కనే పడుకున్నారు. మంచం తలాపున గాజుగుడ్డ, టేపు, టార్చిలైటు. ఎడమ మణికట్టును వేళ్లతో చూసుకునే వీలు లేక చెవికి ఆనించుకుని వినేదాన్ని. మణికట్టు ఫిస్టులాకు ఉన్న వసతి అది. చెవి దగ్గర చప్పుడు స్పష్టంగా వినపడుతుంది. అర్ధరాత్రి లేచి అలా చెయ్యి చెవికి పెట్టుకుంటే, అత్తయ్య చీకట్లో "ఎవరితోనే ఫోన్?" అన్నారొకసారి.

ఇక తిండి. నాకు నలభై ఏడేళ్లు, అత్తయ్యకు డెబ్భై దాటాయి. ఆవిడ అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే నోరు తెరవడం ఎంత సిగ్గో, అంత హాయి కూడా. కానీ ఆవిడకు చేతులు వణుకుతాయి. రోజూ మూడు పూటలా కుదరదు. ఎడమచేత్తో తినడం ఇంట్లో ఎవరికీ నచ్చదు, నాకూ నచ్చదు. మిగతా పనులకు ఆ ఒక్క చెయ్యే కదా మరి. చెంచా కొనుక్కున్నాం. సాంబారన్నం చెంచాతో తినవచ్చు, పచ్చడి కలిపిన అన్నం తినలేం. చెంచాతో గోంగూర అన్నం రుచి రాదు. అయినా నాకు పొటాషియం లెక్కల వల్ల గోంగూర ఎలాగూ లేదు, కాబట్టి ఆ బాధ సగం ఊహే.

చీరలు మానేసి నైటీలు వేసుకున్నాను. జడ మా ఆడపడుచు వచ్చి వేసి వెళ్లేది. మాత్రల అట్ట ఒంటి చేత్తో నొక్కితే మాత్ర ఎగిరి మంచం కిందికి పోతుంది. మా అబ్బాయి కాలేజీకి వెళ్లేముందు ఆ రోజు మాత్రలన్నీ విడదీసి చిన్న డబ్బాల్లో పెట్టేవాడు. అన్నంతో కలిపి వేసుకోవాల్సిన, ఫాస్ఫరస్ తగ్గించే మాత్రలు కంచం పక్కనే ఉండాలి, తిన్నాక వేసుకుంటే లాభం లేదు. కూరగాయలు చిన్న ముక్కలుగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, పొటాషియం పోయేలా ఆ నీళ్లు పారబోసి వండటం మా ఆయన నేర్చుకున్నారు. ఆయన కోసిన బంగాళదుంప ముక్కలు ఒకటి గోళీ అంత, ఒకటి గుప్పెడంత. రుచి గురించి మాట్లాడలేదు నేను. బరువు మోయవద్దన్న ఎడమచేత్తోనే తలుపు గొళ్లెం తీయడం, మగ్గుతో నీళ్లు పోసుకోవడం తప్పలేదు. అంతవరకు పరవాలేదన్నారు డాక్టరు. బకెట్ ఎత్తవద్దు, కుర్చీలోంచి లేస్తూ ఆ చేతి మీద ఆనవద్దు. మోకాళ్ల మీద భారం వేసి లేవడం అలవాటు చేసుకున్నాను.

పూర్తి పిండికట్టు వేశాక ఇంకో విషయం తెలిసింది. శనివారం డయాలసిస్ అయ్యాక మళ్లీ మంగళవారం దాకా ఎడం ఎక్కువ. సోమవారం సాయంత్రానికి ఒంట్లో నీరు పేరుకుని వేళ్లు ఉబ్బేవి, కట్టు బిగిసేది. మంగళవారం మధ్యాహ్నానికి అదే కట్టు వదులు. నీళ్లు తగ్గించమని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కనిది వేళ్ల నొప్పి చెప్పింది. రోజుకు ఎంత తాగవచ్చో అంత సీసాలో పోసి పెట్టుకుని, ఆదివారం పూట గుటకలు లెక్కపెట్టాను. వేళ్లు తిమ్మిరెక్కినా, నల్లబడినా, నొప్పి తట్టుకోలేనంతగా పెరిగినా ఏ వేళైనా రమ్మని ఎముకల డాక్టరు చెప్పి ఉంచారు. ఒక సోమవారం రాత్రి వెళ్లాం కూడా. కట్టును నిలువునా కోసి కాస్త వదులు చేసి పంపారు. నేను పడిన రోజే పెళ్లినాటి ఉంగరం కత్తిరించేశారు. వాపు రాకముందే ఉంగరాలు తీసేయాలట. నా విషయంలో ఆ వ్యవధే లేకపోయింది.

కట్టులోపల దురద గురించి ఎంత రాసినా తక్కువే. అల్లిక సూది, స్కేలు, ఊచ, ఇంట్లో ఉన్నవన్నీ కళ్ల ముందు తిరుగుతాయి. లోపల గీరుకుంటే పుండు, పుండంటే ఇన్ఫెక్షన్. హెయిర్ డ్రయ్యర్ చల్లగాలి కట్టు అంచు నుంచి వదలమన్నారు. పక్కింటి బ్యూటీపార్లర్ అమ్మాయి డ్రయ్యర్ ఆ నెలలో మా ఇంట్లోనే ఎక్కువ ఉంది.

ఎముకల డాక్టరు అడిగిన ప్రశ్న దగ్గరికి వస్తాను. కిడ్నీలు పనిచేయనప్పుడు ఫాస్ఫరస్ బయటికి పోదు, విటమిన్ డి పనికొచ్చే రూపంలోకి మారదు. రక్తంలో కాల్షియం తగ్గుతుంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్ ఎక్కువ వదిలి ఎముకల్లోంచి కాల్షియం లాగుతాయి. డయాలసిస్ వాళ్ల ఎముకలు మామూలు వాళ్ల కన్నా తేలిగ్గా విరగడానికి ఇది పెద్ద కారణం. ఆ హార్మోన్ పరీక్ష పేరు పీటీహెచ్. డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు అది మామూలు పైఅంచు కన్నా 2 నుంచి 9 రెట్ల మధ్య ఉండవచ్చంటారు. నాది దానికి కూడా బాగా పైన ఉంది. ఆ పరీక్షకు మా యూనిట్ బయట డబ్బు కట్టాలి, అందుకని ప్రతిసారీ వచ్చే నెలకు వాయిదా పడుతూ వచ్చేది. డాక్టరు విటమిన్ డి మాత్ర, ఫాస్ఫరస్ మాత్రల మోతాదు మార్చి, ఆ హార్మోన్‌ను తగ్గించే సినకాల్సెట్ మొదలుపెట్టారు. దానితో కడుపులో తిప్పుతుంది, రాత్రి పడుకునే ముందు అన్నం తిన్నాక వేసుకుంటే కాస్త నయం. డ్రై వెయిట్, అంటే ఎక్కువ నీళ్లు తీసేశాక ఉండాల్సిన బరువు, కూడా అర కిలో పెంచారు. పొద్దున వేసుకునే బీపీ మాత్రను డయాలసిస్ రోజుల్లో రాత్రికి మార్చారు. నేను పడటానికి కారణం బస్సు మెట్టే అనుకున్నాను అప్పటిదాకా.

ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అంతా మా ఆయన ఫోన్‌లోనే జరిగింది. ఎముకల డాక్టరుకు మిషన్ సంగతి తెలియదు, యూనిట్‌లో వాళ్లకు కట్టు సంగతి తెలియదు. మధ్యలో రోగే మోయాలి కబుర్లన్నీ. మా అబ్బాయి ఒక అట్టముక్క మీద పెద్దక్షరాలతో తమిళంలోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా మెడలో వేశాడు: ఎడమచేతికి సూది, బీపీ వద్దు, ఈ నొప్పి మందులు వద్దు, డయాలసిస్ మంగళ, గురు, శని, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి. చూడటానికి స్కూలు పిల్ల ఐడీ కార్డు. దాన్ని ఇప్పటికీ సంచిలో పెట్టుకునే తిరుగుతున్నాను.

కట్టు తీసిన రోజు చెయ్యి చూసి భయపడ్డాను. సన్నబడి, చర్మం పొరలు లేచి, మణికట్టు ఏ వైపుకూ వంగలేదు. ఎముక అతకడం మామూలు వాళ్ల కన్నా కాస్త ఆలస్యమైందట. అయినా అతికింది. ఉత్తర చెన్నైలో ఉన్నవాళ్లకు ఒక వసతి ఉంది. స్టాన్లీ ప్రభుత్వాస్పత్రిలో చేతుల కోసమే ప్రత్యేక విభాగం ఉంది, దూర జిల్లాల నుంచి కూడా వస్తారు. అక్కడ ఫిజియోథెరపీకి వెళ్లాను. వేళ్లు తెగి అతికించుకున్నవాళ్లు, మిషన్లలో చేతులు నలిగినవాళ్లు వరుసగా కూర్చుని ఉంటారు. ఒకరి చెయ్యి ఒకరు చూసుకుని, ఎన్నాళ్లయింది, ఎంత వంగుతోంది అని అడుగుతారు. గోరువెచ్చని నీళ్లలో పెట్టి మణికట్టు తిప్పడం, బల్ల అంచున వేలాడేసి పైకి కిందికి వంచడం, మెత్తటి బంతి నొక్కడం. ఆ బంతి మా ఇంట్లో ఉంది. ఫిస్టులా పెట్టిన కొత్తలో నరం లావెక్కాలని ఎడమచేత్తో నొక్కడానికి ఇచ్చారు. అలమర వెనక నుంచి దుమ్ము దులిపి తీశాం. డయాలసిస్ రోజు ఫిజియోథెరపీ పెట్టుకోలేదు, ఆ రోజు ఒంట్లో ఓపిక ఉండదు. మిగతా రోజుల్లోనే ఆ పని.

ఇప్పుడు కుడిచెయ్యి ముప్పాతిక వంతు నాది. మణికట్టు వెనక్కి పూర్తిగా వంగదు, బిగువుగా ఉన్న మూతలు తీయలేను. సూదులు తీశాక నేనే నొక్కుకుంటున్నాను. మా ఆయన మాత్రం ఇంకా లోపలికి వచ్చి నిలబడతారు, సిస్టర్లు కూడా ఏమనడం లేదు. డయాలసిస్ అయ్యాక కూర్చున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూడందే నన్ను కదలనివ్వరు. ఇంటికి ఆటోలోనే. పీటీహెచ్ కొంత దిగింది, ఇంకా దిగాలి. మూడు నెలలకోసారి పరీక్షకని ఒక డబ్బాలో డబ్బు వేస్తున్నాం.

తమిళుల ఆడినెల, అంటే జూలై నడుమ, వచ్చేసరికి మళ్లీ కుట్టుమిషన్ తొక్కడం మొదలుపెట్టాను. కుట్టు సాగుతోంది గానీ కత్తెర సాగడం లేదు. మందపాటి గుడ్డయితే నాలుగు ముక్కలు కత్తిరించేసరికి మణికట్టు గుంజుతుంది. కటింగ్ మా ఆయన చేస్తున్నారు. నేను సుద్దతో గీత గీస్తే దాని వెంటే కత్తిరించాలి, అంతే. కాగితం కోసే అలవాటు కదా, గుడ్డ జారుతుందని మర్చిపోతారు. పోయిన వారం ఎదురింటావిడ పట్టు జాకెట్‌కు ఒక చెయ్యి అరంగుళం పొట్టిగా వచ్చింది. అంచు అతికి సరిచేశాను, ఆవిడ ఇంకా చూసుకోలేదు.